యాత్రకు బయలుదేరుతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి గుంటూరు నుంచి మేనమామ ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

ఉద్యోగానికి కొంతకాలం సెలవు పెట్టి దేశం తిరిగి రావాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఆమెకు బెంగగా ఉంది గాని, నాకు సంతోషంగానే ఉంది. అయితే నీవు పంపిన పట్టికలో ఊళ్ళూ తేదీలూ ఉన్నాయే తప్ప, ఏ ఊరికి దేనికోసం వెళ్తున్నావో ఒక్కచోటా లేదు. నా సలహా అంతా ఆ లోటు గురించే.

ఏడవ శతాబ్దంలో చైనా నుంచి వచ్చిన బౌద్ధ భిక్షువు హ్యూయెన్‌త్సాంగ్, బయలుదేరే ముందు సుమేరు పర్వతాన్ని ఎక్కినట్టు కలగన్నాడని ఆయన జీవితచరిత్ర చెబుతుంది. కలతోపాటు ఆయనకు స్పష్టమైన పని కూడా ఉంది: తమ దేశంలో అరకొరగా, పొంతన లేకుండా అందిన బౌద్ధ గ్రంథాలను మూలంలో చదవటం. అందుకే మన ధాన్యకటకానికి, అంటే నేటి అమరావతి ప్రాంతానికి, వచ్చినప్పుడు స్తూపం చూసి వెళ్ళిపోకుండా, నెలల తరబడి ఆగి ఇద్దరు భిక్షువుల దగ్గర అభిధర్మం, అంటే బౌద్ధ తత్త్వశాస్త్రం, చదువుకున్నాడు, వారికి తనకు తెలిసిన మహాయాన శాస్త్రాలు చెప్పాడు. తిరుగు ప్రయాణంలో సింధునది మీద పడవ గాలివానకు చిక్కి కొన్ని గ్రంథాలు నీటిపాలయ్యాయి. దాన్ని దురదృష్టమనే అనాలి. కానీ ఏవి పోయాయో, అవి ఎందుకు కావాలో తెలిసినవాడు కనుక అక్కడే ఆగి, మనుషులను పంపి మళ్ళీ ప్రతులు రాయించుకున్నాడు. 645లో 657 గ్రంథాలతో అప్పటి చైనా రాజధాని చాంగాన్ చేరి, 664లో కన్నుమూసే వరకు వాటిని అనువదిస్తూనే ఉన్నాడు.

నీకు చిన్నప్పటి నుంచీ శిల్పమంటే ఇష్టం కదా, అమరావతితోనే మొదలుపెట్టు. ఆ స్తూపపు పలకలు కొన్ని అక్కడి మ్యూజియంలో, మరెన్నో చెన్నై ఎగ్మూరులో, ఇంకా కొన్ని లండన్‌లో ఉన్నాయి. ఒకే కట్టడం ఇలా ఎందుకు చెదిరిందన్న ప్రశ్న పట్టుకుంటే, విజయవాడలో చెన్నై రైలు ఎక్కడానికి నీకు కారణం దొరుకుతుంది. అక్కడి నుంచి నాగార్జునకొండకో, సాంచీకో దారి ఆ ప్రశ్నే చూపిస్తుంది. అన్నట్టు, అమరావతి, చెన్నై మ్యూజియాలు రెండింటికీ శుక్రవారం సెలవు.

ప్రతి వారంలోనూ ఒకటి రెండు రోజులు ఖాళీగా ఉంచుకో. రైలు తప్పినా, జ్వరం వచ్చినా తట్టుకోవచ్చు. విషయం తెలిసిన పెద్దమనిషి ఎవరైనా రేపు రమ్మంటే ఆగిపోవచ్చు. అదృష్టమని మనం అనుకునేది చాలాసార్లు ఇలా ఆగగలిగినవాడికే అందుతుందని నా నమ్మకం. చూసినదీ, ఖర్చయినదీ ఏ రాత్రికా రాత్రి రాసుకో. అమ్మకు రోజూ ఫోను చెయ్యి.

టిక్కెట్లు తీసుకోకముందే నీ ప్రశ్న ఏమిటో రాసి నాకు పంపు. అమరావతి వరకు నేనూ వస్తాను.

ఇట్లు,
నీ మేనమామ