రాతి మీద పెరిగేది నాచేనా?

సందేహం: విజ్ఞానశాస్త్ర వ్యాసాలను తెలుగు చేస్తుంటాను. లైకెన్లనూ రాళ్ళ మీది గుర్తులనూ చూసి భూమిలోని ఖనిజాలను వెదికే పద్ధతి గురించిన వ్యాసంలో, “రాతి మీద నారింజ రంగు నాచు కనిపిస్తే ఆ ధాతువులో ఖనిజాలు ఉన్నాయనడానికి అది రుజువు” అని రాశాను. నాచు అనకూడదు, శిలాపుష్పం అనాలని ఒక మిత్రుడు అన్నారు. ధాతువు అంటే క్రియాపదానికి మూలం కదా, రాళ్ళ ప్రసక్తిలో అదెందుకని మరొకరు అడిగారు. ఏది సాధువో తెలియజేయగలరు.

సమాధానం: మీ మిత్రులిద్దరూ అడిగినవి సరైన ప్రశ్నలే. అయితే మీ వాక్యంలో అంతకన్నా పెద్ద చిక్కు, వారెవరూ వేలు పెట్టి చూపని ‘రుజువు’ అన్న మాటలో ఉంది. ముందుగా వారు అడిగిన వాటికి జవాబు చెప్పి దాని దగ్గరికి వస్తాను.

నాచు, పాచి, పాకుడు, బూజు అన్నవి మనకు అనాదిగా ఉన్న మాటలు. నీటిలోనో తడినేలలోనో పచ్చగా పెరిగేది నాచు. నిలవనీటి మీదా తడిసిన గోడల మీదా కట్టేది పాచి. కాలు జారేటట్టు మెట్లకు పట్టేది పాకుడు. నిలవ ఉన్న పదార్థాన్ని పాడుచేస్తూ నూగులాగా లేచేది బూజు. ఈ నాలుగు మాటల్లోనూ తడి ఉంది. మీరు చెప్పదలచుకున్న జీవి, అంటే లైకెన్, అలాంటిది కాదు. ఎండకు కాలే ఉత్త బండ మీద, మరేదీ బతకలేని చోట, ఏళ్ళ తరబడి ఎండిపోయినట్టే ఉండి చినుకు పడగానే మళ్ళీ మేలుకునే జీవి అది. పైగా అది ఒక్క జీవి కాదు. ఒక శిలీంధ్రమూ, సూర్యరశ్మితో ఆహారం తయారుచేసే శైవలమో నీలి-ఆకుపచ్చ బాక్టీరియానో కలిసి ఒకే శరీరంగా బతికే కాపురం. ఈ సంగతిని 1867లో స్విట్జర్లాండుకు చెందిన సైమన్ ష్వెండెనర్ ప్రతిపాదించినప్పుడు తోటి శాస్త్రవేత్తల్లో చాలామంది ఒప్పుకోలేదు. కాబట్టి దీనిని నాచు అంటే పాఠకుడి మనసులో తడి, పచ్చదనం, జారుడు మెదులుతాయి. అతడు కొండవాలున ఎండిన బండల మీద వెదకవలసిన దానిని వాగు ఒడ్డున వెదుకుతాడు.

మీ మిత్రుడు సూచించిన శిలాపుష్పం తప్పు కాదు, దాని వెనుక మంచి సంప్రదాయమే ఉంది. అమరకోశం, రాతి మీద పెరిగే సుగంధద్రవ్యమైన శైలేయానికి పర్యాయపదంగా అశ్మపుష్పం అన్న మాటను ఇచ్చింది. అశ్మం అంటే రాయి. తెలుగులో దానికి సరిగ్గా సరిపోయే రాతిపువ్వు అన్న మాట నేటికీ సజీవంగా ఉంది. ఎంతో అందమైన మాట అది. రాయి పూసిందనడం కన్నా బాగా ఆ దృశ్యాన్ని చెప్పలేం. అయినా శాస్త్రవ్యాసంలో దానిని అన్ని లైకెన్లకూ పరచడానికి నేను వెనుకాడతాను. రాతిపువ్వు, శైలేయం అన్న పేర్లు వాడుకలో ఔషధంగానూ సుగంధద్రవ్యంగానూ పనికివచ్చే, ఆకుల్లా విచ్చుకునే కొన్ని రకాలకే స్థిరపడ్డాయి. ఖనిజాలు వెదికేవారికి ఎక్కువగా పనికివచ్చేవి ఆ రకాలు కావు, రాతికి అతుక్కుపోయి గోటితో గీకినా రానివి. అందుకని పాఠ్యపుస్తకాల్లో నిలిచిపోయిన లైకెన్ అన్న మాటనే వాడండి, బహువచనం లైకెన్లు. మొదటిసారి వాడినప్పుడు “రాతిపువ్వు కూడా ఈ వర్గానిదే” అని ఒక్క మాట చేర్చితే పాఠకుడికి చేయి అందించినట్టవుతుంది.

వాటి ఆకారాలను చెప్పేటప్పుడు మాత్రం తెలుగు మాటలను వదులుకోకండి. రాతికి అంటుకుపోయిన రకాన్ని పక్కులాంటిదనీ, అంచులు లేచిన రకాన్ని ఆకులాంటిదనీ, కొమ్మలు వేసే రకాన్ని పొదలాంటిదనీ అనవచ్చు. మానుతున్న పుండు మీద కట్టేది పక్కు. గ్రీకు భాషలో లైకెన్ అన్న మాట చర్మం మీద పాకే వ్యాధికి కూడా పేరు కావడం చూస్తే, ఈ జీవిని చూసిన ప్రాచీనులకు చర్మమే గుర్తుకు వచ్చిందనుకోవాలి. కాబట్టి పక్కు అనడం మొరటు కాదు, ఆ మాట పుట్టిన దారికి దగ్గరిది కూడా.

ఇక ధాతువు. వ్యాకరణంలో క్రియకు మూలరూపం, వైద్యంలో శరీరాన్ని నిలబెట్టే ఏడింటిలో ఒకటి, గనుల ప్రసక్తిలో లోహాన్ని ఇచ్చే రాయి అని దీనికి మూడర్థాలూ ఉన్నాయి. కాబట్టి రెండవ మిత్రుడి అభ్యంతరం నిలవదు. అయితే మీ వాక్యంలో వరస తిరగబడింది. ఖనిజం అంటే ప్రకృతిలో ఏర్పడిన, నిర్దిష్టమైన రసాయన కూర్పూ స్ఫటిక నిర్మాణమూ ఉన్న పదార్థం. శిల అంటే అలాంటి ఖనిజాల కలయిక. గ్రానైట్ ఒక శిల, అందులోని క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, అభ్రకం ఖనిజాలు. ధాతువు, లేదా నేటి పాఠ్యపుస్తకాలు చెప్పే ముడిఖనిజం, అంటే లాభసాటిగా లోహాన్ని తీయడానికి వీలైన ఖనిజం. లాభసాటిగా అన్న విశేషణం ఇక్కడ అలంకారం కాదు, నిర్వచనంలో భాగం. పైరైట్‌లో ఇనుము ఉన్నా దానిని సాధారణంగా ఇనుప ముడిఖనిజంగా లెక్కించరు, హెమటైట్‌ను లెక్కిస్తారు. అందుచేత “ధాతువులో ఖనిజాలు” అనడం కుదరదు. శిలలో ఖనిజాలు ఉంటాయి, ఆ ఖనిజాల్లో కొన్ని ధాతువులు అవుతాయి. ఒక రాయి ధాతువా కాదా అన్నది కొండ మీద నిలబడి లైకెన్‌ను చూసి తేల్చగల విషయం కాదు.

ఇప్పుడు అసలు మాటకు వద్దాం. జాడ, గుర్తు, ఆనవాలు, సూచన, ఆధారం, రుజువు అని తెలుగులో ఒక నిచ్చెన ఉంది. మనం తొందరలో ఏ మెట్టు మీద కాలు పెడుతున్నామో చూసుకోకుండా రాస్తున్నాం. దారి చూపేది జాడ. ఇంతకు ముందే తెలిసిన వస్తువును ఇదేనని గుర్తుపట్టించేది ఆనవాలు. ఉండవచ్చునని మనసుకు తోపింపజేసేది సూచన. ఇక సందేహానికి చోటు లేదని తేల్చేది రుజువు. నిప్పు లేనిదే పొగ రాదు కనుక పొగను చూసి నిప్పు ఉందని ఊహించవచ్చునని మన తార్కికులు చెప్పారు. నిప్పు లేని చోట కూడా కనిపించే గుర్తును మాత్రం వారు దుష్టహేతువుగా (చెల్లని కారణంగా), అనైకాంతికంగా (ఒక్కదానికే కట్టుబడనిదిగా) తోసిపుచ్చారు. నారింజ రంగు లైకెన్ సరిగ్గా అలాంటి గుర్తు.

ఎందుకో వివరిస్తాను. రాళ్ళ మీద ప్రస్ఫుటంగా కనిపించే నారింజ లైకెన్లలో జాంథోరియా ఎలిగాన్స్ ఒకటి. దాని రంగు రాతిలోని ఇనుము వల్ల వచ్చింది కాదు; ఎండ నుంచి తనను కాపాడుకోవడానికి ఆ జీవిలోని శిలీంధ్రం తయారుచేసుకునే పారియెటిన్ అనే సేంద్రియ వర్ణకం వల్ల వచ్చింది. అది సున్నం ఉన్న రాళ్ళ మీదా, పక్షులు వాలి రెట్టలు వేసే రాళ్ళ మీదా బాగా పెరుగుతుంది. ఉత్తర ధ్రువ ప్రాంతపు వేటగాళ్ళు దానిని చూసి జంతువుల బొరియలను పసిగట్టేవారు. అంటే అది చెప్పేది ఎక్కువగా రాతి పైన జరిగిన సంగతి, రాతి లోపలి సంగతి కాదు. నారింజ రంగు చూసి ఖనిజం ఉందని రాస్తే, పాఠకుడు పక్షులు వాలిన బండలను పట్టుకుని కొండంతా తిరుగుతాడు.

అయితే రాతి సంగతి చెప్పే లైకెన్లు లేవా అంటే, ఉన్నాయి. పసుపుపచ్చని మచ్చల చుట్టూ నల్లని గీతలతో దేశపటంలా కనిపించే రైజోకార్పాన్ జియోగ్రాఫికం సిలికా ఎక్కువగా ఉన్న గ్రానైట్ వంటి రాళ్ళ మీద పెరుగుతుంది, సున్నపురాతిని ఇష్టపడదు. కనుక ఒక కొండవాలులో ఆ మచ్చలు హఠాత్తుగా ఆగిపోయి వేరే లైకెన్లు మొదలైతే, అక్కడ శిల మారిందేమోనని ఆగి చూడాలి. రెండు శిలలు కలిసే సరిహద్దుల్లో ఖనిజాలు పోగుపడిన సందర్భాలు చాలా ఉన్నాయి కాబట్టి ఆ మార్పు విలువైన సూచన. ఈ లైకెనే ఏడాదికి మిల్లీమీటరు కన్నా తక్కువగా పెరుగుతుంది. ఆ నిదానాన్నే కొలబద్దగా చేసుకుని, రాతి ఉపరితలం ఎప్పుడు బయటపడిందో లెక్కగట్టే పద్ధతిని 1950లో ఆస్ట్రియాకు చెందిన రోలాండ్ బెషెల్ ముందుకు తెచ్చారు. వయసు చెప్పే ఆ పద్ధతికీ ఖనిజాన్వేషణకూ తేడా ఉంది, రెంటినీ కలిపి రాయవద్దు.

లోహాన్ని నేరుగా తాకి చెప్పే లైకెన్ కావాలంటే అకరోస్పోరా సినోపికాను చెప్పుకోవాలి. ఇనుము, ఇతర భారలోహాలు ఎక్కువగా ఉన్న రాళ్ళ మీద తుప్పు రంగులో పెరుగుతుంది. ఇక్కడ ఆ రంగు నిజంగానే లైకెన్‌లో చేరిన ఇనుప సమ్మేళనాలది. సినోపికా అన్న పేరు నల్లసముద్రపు ఒడ్డున ఉన్న సినోపె రేవు నుంచి ఎగుమతి అయిన ఎర్రమట్టి రంగును బట్టి వచ్చింది. ఆ ఎర్రమట్టికి తెలుగులో జేగురు అన్న చక్కని పేరు ఉండగా దానిని నారింజ అనడం నాకు బాధ కలిగిస్తుంది. నారింజ వేరు, జేగురు వేరు. ఈ సందర్భంలో ఆ రెంటి మధ్య తేడా పండుకూ లోహానికీ ఉన్నంత తేడా. ఇలాగే రాగి ఉన్న రాళ్ళ మీద కొన్ని లైకెన్లు అసాధారణమైన ఆకుపచ్చ రంగు పొందుతాయి. లైకెన్ ఆమ్లాలతో రాగి కలవడం వల్ల అలా అవుతుంది. కొన్నింటి లోపల రాగి ఆక్సలేట్ అయిన మూలూయైట్ అనే ఖనిజాన్ని 1980లలో శాస్త్రవేత్తలు గుర్తించారు.

లైకెన్లను వదిలి ఉత్త రాతి మరకల దగ్గరికి వస్తే తెలుగు ఇంకా సంపన్నంగా ఉంది. ఇనుముకు పట్టేది తుప్పు. రాగి, ఇత్తడి, కంచులకు పచ్చగా పట్టేది చిలుము. కిలుము అని కూడా అంటారు. చిలుము అన్న మాటను ఇనుముకూ వాడేవారు ఉన్నా, శాస్త్రవ్యాసంలో ఈ తేడాను పాటించడం మేలు. రాతి మీద చిలుము రంగు మరక మాలకైట్ కావచ్చు, పక్కనే నీలం ఉంటే అజురైట్ కావచ్చు, రెండూ రాగి కార్బనేట్లు. గంధకంతో కూడిన లోహఖనిజాలు గాలికీ నీటికీ మగ్గిపోయినప్పుడు పైన మిగిలే జేగురు రంగు గుల్లరాతిని ఇంగ్లండులోని కార్న్‌వాల్ గనుల నుంచి వచ్చిన మాటతో గాసన్ అంటారు, జర్మన్ గనివారు ఇనుప టోపీ అన్నారు. గాసన్‌ను ఆనవాలు అనడానికి అభ్యంతరం లేదు, ఎందుకంటే కింద ఉన్న దాని శరీరంలోంచే అది పుట్టింది. లైకెన్ అలా కాదు, అది పైన వచ్చి చేరినది.

ఈ తేడా మన ప్రాచీనులకు తెలియనిది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణం 12వ అధ్యాయంలో, గనుల అధికారి పాత గనిని కిట్టం (లోహం కరిగించగా మిగిలే మడ్డి), మూష (లోహం కరిగించే పాత్ర), బొగ్గు, బూడిద అనే గుర్తులను బట్టి పోల్చుకోవాలనీ, కొత్త గనిని మట్టి, రాయి, ద్రవాల గాఢమైన రంగు, బరువు, తీవ్రమైన వాసన, రుచులను బట్టి పరీక్షించాలనీ ఉంది. అక్కడ గుర్తుకు వాడిన మాట లింగం, తార్కికులు వాడే మాటే. కిట్టం మనకు ఇనుప చిట్టెంగా తెలుసు. మూష మనకు మూస అయింది. గనికి కౌటిల్యుడు వాడిన ఆకరం అన్న మాటను మనం గ్రంథరచనకు మూలమైన సామగ్రికి ఆకరాలు అని వాడుకుంటున్నాం. పాత గని గుర్తులనూ కొత్త గని గుర్తులనూ ఆయన విడదీయడంలో గొప్ప జాగ్రత్త ఉంది. పైన చెప్పిన అకరోస్పోరా సినోపికా పాత చిట్టెపు కుప్పల మీద కూడా పెరుగుతుంది కాబట్టి, దానిని చూసి కింద ధాతువు ఉందనుకున్నవాడు ఒకప్పుడు ఎవరో కరిగించి పారబోసిన కుప్ప మీద నిలబడి ఉండవచ్చు.

మరొక చిన్న సంగతి. మీరు అంతటా రాయి అనే రాశారు. భూమిలో పాతుకుని ఉన్నదాన్ని బండ అనీ, ఎక్కడి నుంచో దొర్లి వచ్చి పడినదాన్ని చెదురు రాయి అనీ వేరుచేయండి. బండ మీది గుర్తు ఆ చోటు గురించి చెబుతుంది. చెదురు రాతి మీది గుర్తు ఎగువన ఎక్కడో ఉన్న చోటు గురించి చెబుతుంది, దాని జాడ పట్టుకుని పైకి వెళ్ళాలి. జాడ అన్న మాటకు ఇదే తగిన స్థానం. రెంటిలో దేనినైనా సుత్తితో కొట్టి, లోపలి తాజా ముఖాన్ని చూశాకే ఆధారం అనాలి. లైకెన్లు రాతిని కప్పేసి అసలు రంగును దాచేవి కూడాను. ఉపగ్రహాల నుంచి ఖనిజాలను గుర్తించే వారికి ఆ కప్పడమే పెద్ద అడ్డంకి. నమూనాను ప్రయోగశాలలో విశ్లేషించి లోహశాతం తేలినప్పుడు రుజువు అనవచ్చు.

వీటన్నింటినీ దృష్టిలో పెట్టుకుని మీ వాక్యాన్ని ఇలా మార్చుకోమని నా సలహా: “బండ మీద జేగురు రంగు లైకెన్లు గుంపుగా కనిపిస్తే ఆ శిలలో ఇనుముతో కూడిన ఖనిజాలు ఉండవచ్చుననడానికి అది ఒక సూచన; రాతిని పగలగొట్టి చూసి, నమూనాను పరీక్షకు పంపిన తర్వాతనే అది ధాతువో కాదో తేలుతుంది.” మీ మూలవ్యాసంలో నిజంగా నారింజ రంగు లైకెన్ గురించే ఉంటే, దానిని జేగురుగా మార్చే హక్కు అనువాదకుడికి లేదు. అప్పుడు రంగును ఉన్నది ఉన్నట్టుగా రాసి, ‘రుజువు’ను ‘సూచన’గా మార్చడానికి ముందు మూలరచయిత ఏ జాతి లైకెన్‌ను ఉద్దేశించారో చూసుకోండి.