'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రచయిత టోల్కీన్ ఉత్తరాల్లో ఆయన కవిత్వం గురించి ఏముంది?

చాలానే ఉంది. నాకు బాగా నచ్చింది 1952 జూన్‌లో ప్రచురణకర్త రేనర్ అన్విన్‌కు రాసిన ఉత్తరం. అందులో 'ఎరంట్రీ' అనే తన కవిత సంగతి చెప్పారు. అది 1933లో ఆక్స్‌ఫర్డ్ మ్యాగజైన్‌లో అచ్చయింది. కానీ అచ్చుతో పని లేకుండా, మన చాటుపద్యాల్లా అది నోటినోటా తిరిగింది. ఒకావిడ ఆ కవిత ఎవరిదని ఆరా తీస్తూ చివరికి టోల్కీన్‌కే ఉత్తరం రాసింది. ఆమెకు దాన్ని ఒక స్నేహితుడు గుర్తున్నంతవరకు రాసిచ్చాడట. ఆయనకు అల్లుడు చెప్పాడు, అల్లుడు నేర్చుకున్నది అమెరికాలోని వాషింగ్టన్‌లో! కవి పేరు మాత్రం ఎవరికీ తెలీదు.

1961లో టోల్కీన్ పిన్ని జేన్ నీవ్, ఆయన సృష్టించిన టామ్ బాంబడిల్ అనే పాత్ర మీద చిన్న పుస్తకం తెమ్మని అడిగింది. దాంతో ఆయన పాత కవితలన్నీ బయటికి తీసి, రేనర్‌తో ఉత్తరాలు నడుపుతూ, దిద్దుకుంటూ కూర్చున్నారు. 1962లో పుస్తకం వచ్చింది, అందులో 'ఎరంట్రీ' కూడా ఉంది.

స్నేహితుల్లో, నార్నియా కథల రచయిత సి.ఎస్. లూయిస్‌ది వేరే తరహా. టోల్కీన్ రాసిన బెరెన్, లూథియెన్ అనే ప్రేమికుల దీర్ఘకావ్యాన్ని ఏదో ప్రాచీన తాళపత్రం అన్నట్టు, లేని పండితుల పేర్లతో దాని పాఠభేదాలపై వ్యాఖ్యానం రాసి పంపాడు. విమర్శ ఘాటుగానే ఉంది, కానీ నవ్వొచ్చేలా!