అమ్మడూ, ముందు ఐదు సెకన్లు చెయ్యి

అమ్మడూ,

నువ్వు ఆఫ్టర్ ఎఫెక్ట్స్ (వీడియోలో అక్షరాలు, బొమ్మలు కదిలించి కలిపే సాఫ్ట్‌వేర్) నేర్చుకుంటానంటున్నావని మీ అమ్మ చెప్పింది. అమీర్‌పేటలో కోర్సు ఫీజు, సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొత్త పీసీ, రెండూ కలిపి పెద్ద లెక్కే వినిపించింది. రెండూ ఆపు. నీ ల్యాప్‌టాప్‌లో 16 జీబీ ర్యామ్ ఉంటే మొదలుపెట్టడానికి చాలు, లేకపోతే ర్యామ్ ఒక్కటే వేయించు, గ్రాఫిక్స్ కార్డు సంగతి తర్వాత చూద్దాం. ఎందుకంటే ప్రివ్యూ ర్యామ్‌నే తింటుంది: ఫుల్ హెచ్‌డీ ఫ్రేమ్ ఒక్కటి 8-బిట్ రంగుల లెక్కలో దాదాపు 8 ఎంబీ, సెకనుకు 25 ఫ్రేములంటే 200 ఎంబీ, పది సెకన్ల ముక్క ఆడించి చూసుకోవాలంటేనే 2 జీబీ పోయింది. 32-బిట్ పెట్టావా, దానికి నాలుగింతలు. ప్రివ్యూ రిజల్యూషన్ హాఫ్‌లో పెట్టుకో, పొడవూ వెడల్పూ రెండూ సగమవుతాయి కాబట్టి నాలుగో వంతుతో సరిపోతుంది.

కోర్సే వద్దని కాదు. ఫొటోషాప్ నుంచి త్రీడీ దాకా అన్నీ ఒకే ప్యాకేజీలో చెప్పేస్తామనేది మాత్రం వద్దు, అన్నిట్లో మెనూలు తెలుస్తాయి, ఒక్క షాట్ పూర్తిచేయడం రాదు.

ఏ సాఫ్ట్‌వేర్ అని కొట్టుకోకు. టైటిల్స్, లిరికల్ వీడియోలు, యాడ్స్ చేసేవాళ్లు ఎక్కువగా ఆఫ్టర్ ఎఫెక్ట్స్ వచ్చా అని అడుగుతారు, సినిమా షాట్ల మీద పనిచేసే వీఎఫ్‌ఎక్స్ (విజువల్ ఎఫెక్ట్స్) కంపెనీలు న్యూక్ అనే సాఫ్ట్‌వేర్ అడుగుతాయి. మొదటిదాంట్లో లేయర్లు ఒకదాని మీద ఒకటి పేర్చుతాం, రెండోదాంట్లో నోడ్లు (ఒక్కో పనికి ఒక్కో డబ్బా) కలుపుకుంటూ పోతాం. నెలనెలా పైసలు కట్టలేకపోతే డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లోనే ఫ్యూజన్ అని నోడ్లతో పనిచేసే భాగం ఉంది, న్యూక్‌కి కూడా నేర్చుకునేవాళ్ల కోసం నాన్‌కమర్షియల్ వెర్షన్ ఉచితంగా దొరుకుతుంది. క్రాక్ జోలికి మాత్రం పోకు, వైరస్ తెచ్చుకుని నాకు ఫోన్ చేస్తావు.

మొదటి పని ఐదు సెకన్ల పేరు పట్టీ. న్యూస్ ఛానల్‌లో మనిషి కింద వస్తుందే, అదే. 25 ఫ్రేముల లెక్కన 125 ఫ్రేములు. పొజిషన్ (ఎక్కడుందో), ఒపాసిటీ (ఎంత కనిపిస్తుందో) తప్ప ఇంకేదీ ముట్టుకోకు. పట్టీ లోపలికి రావాలి, ఆగాలి, పోవాలి, అంతే. అందరూ కీఫ్రేములు (ఫలానా ఫ్రేములో ఫలానా చోట ఉండాలని పెట్టే గుర్తులు) సెలెక్ట్ చేసి ఎఫ్9 నొక్కేసి ఈజీ ఈజ్ (మెల్లగా మొదలై మెల్లగా ఆగే కదలిక) అయిపోయిందంటారు, అందుకే అందరి పనీ ఒకేలా ఉంటుంది. నువ్వు కదలికను గీతగా చూపించే గ్రాఫ్ ఎడిటర్ తెరిచి ఆ గీతను చేత్తో లాగు. వచ్చేటప్పుడు వేగంగా వచ్చి నెమ్మదిగా కుదురుకునేలా, పోయేటప్పుడు చటుక్కున పోయేలా. అక్షరాలు పట్టీతో పాటే కాకుండా మూడు నాలుగు ఫ్రేములు ఆలస్యంగా రానివ్వు, తేడా నీకే తెలుస్తుంది. ఇది వచ్చేదాకా టెంప్లేట్లు డౌన్‌లోడ్ చేయకు.

పేరు తెలుగులో రాస్తే ఇంకో తలనొప్పి. ఒత్తులు విడిపోతే ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద టెక్స్ట్ ఇంజిన్ మన లిపులకు పనికొచ్చేది ఉందో లేదో చూడు. డీటీపీ వాళ్లు వాడే అను ఫాంట్లు యూనికోడ్ కాదు, వాట్సాప్‌లో వచ్చిన తెలుగు నేరుగా పేస్ట్ చేస్తే ఏదో గీతల భాష కనిపిస్తుంది. ఇక ఒక్కో అక్షరం ఎగిరొచ్చే యానిమేషన్ పెడితే 'లక్ష్మి' ముక్కలయ్యే ప్రమాదం ఉంది, పదం పదంగా కదిలించు. అక్షరాలే కదలాలంటే షేపులుగా మార్చి నువ్వే విడగొట్టుకో.

తర్వాత కంపోజిటింగ్, అంటే వేర్వేరు బొమ్మల్ని ఒకే షాట్‌లా కలపడం. ఆదివారం ఆబిడ్స్ వెళ్లు, షాపులు మూసి ముందు పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. ఒక షట్టర్‌ని ఫోన్‌లో పది సెకన్లు తియ్యి, చెయ్యి కాస్త కదిలినా ఫర్వాలేదు, ముందు నుంచి మనుషులు నడవాలి. ఆ షట్టర్ మీద నువ్వు చేసిన పోస్టర్ అంటించడమే పని. ఫోన్ వీడియోలో ఫ్రేమ్‌రేట్ అటూ ఇటూ మారుతుంటుంది, ముందు హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేమ్‌రేట్‌కి మార్చుకో. పోస్టర్ షట్టర్‌తో పాటే కదలాలంటే షట్టర్ కదలికను ట్రాక్ చేయాలి, చదునైన దానికి మోచా ట్రాకింగ్ బాగుంటుంది, ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌తోనే వస్తుంది. షట్టర్ మడతలన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి ట్రాకర్ ఒక మడత నుంచి ఇంకో మడతకు జారిపోతుంది, తాళమో, పైనున్న బోర్డో కూడా ట్రాక్‌లో కలుపు. పోస్టర్ మీద ఆ మడతల నీడ పడాలి, మల్టిప్లై బ్లెండ్ మోడ్‌తో (కిందున్న నీడలు పైకి కనిపించేలా కలిపేది) మొదలుపెట్టు.

ముందు నడిచే మనుషులకు రోటో, అంటే పోస్టర్ వాళ్ల వెనక ఉండేలా వాళ్ల చుట్టూ కదిలే గీత (మాస్క్) గీయడం. మనిషి మొత్తాన్నీ ఒకే మాస్క్‌తో గీయకు. తల, ఒళ్లు, చేతులు, కాళ్లు వేర్వేరుగా గీసి, కదలిక దిశ మారే చోట కీఫ్రేములు పెట్టి, ఆ తర్వాత మధ్యలో, మళ్లీ వాటి మధ్యలో. విసుగొస్తుంది, రానీ. వీఎఫ్‌ఎక్స్ కంపెనీల్లో కొత్తవాళ్లకు చాలాసార్లు ముందు ఇచ్చేది ఈ పనే.

పోస్టర్ అతికించినట్టు దొంగదిలా కనిపిస్తే చాలావరకు తప్పు నలుపులోనే ఉంటుంది. వ్యూయర్ కింద ఎక్స్‌పోజర్ పెంచి చూడు (రెండర్‌కి ఏమీ కాదు), వీడియో నీడల్లోని నలుపు కన్నా నీ పోస్టర్ నలుపు ముదురుగా ఉందా? ఉంటే దాన్ని కాస్త తేలిక చెయ్యి. తర్వాత గ్రెయిన్ (సన్నటి చుక్కలు) కలుపు, ఫోన్ వీడియోలో కూడా ఉంటుంది. మోషన్ బ్లర్ (కదలిక వల్ల వచ్చే మసక) మాత్రం కళ్లు మూసుకుని ఆన్ చేయకు, ఎండలో ఫోన్ కెమెరా షట్టర్ స్పీడ్ చాలా ఎక్కువ పెట్టుకుంటుంది, అసలు వీడియోలోనే బ్లర్ ఉండదు. బయట నుంచి తెచ్చిన పీఎన్‌జీ అంచు చుట్టూ సన్నటి నల్ల గీత కనిపిస్తే ఆల్ఫాను (ఎక్కడ పారదర్శకమో చెప్పేది) ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్‌లో స్ట్రెయిట్ నుంచి ప్రీమల్టిప్లైడ్‌కి (అంచుల్లో వెనకున్న నలుపు ముందే కలిసిపోయినది) మార్చి చూడు, మాస్క్ లోపలికి నొక్కి సర్దుకోకు.

రెండర్ పీఎన్‌జీ సీక్వెన్స్‌గా (ఒక్కో ఫ్రేము ఒక్కో బొమ్మ ఫైలుగా) తియ్యి. మధ్యలో కరెంటు పోయినా ఆగిన ఫ్రేమ్ నుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చు. ప్రాజెక్ట్ ఫైల్‌ని కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, ఎస్ నొక్కి కొత్త నంబర్‌తో సేవ్ చేస్తుండు. నాకు పట్టీ, షట్టర్ రెండూ ఆ బొమ్మల నుంచి ఎంపీ4గా మార్చి పంపు, వాట్సాప్‌లో కాదు, అది క్వాలిటీ నలిపేస్తుంది, డ్రైవ్ లింకు పెట్టు. షట్టర్‌ది అసలు వీడియో కూడా పక్కన పెట్టు, రెండూ పోల్చి చూస్తా.

మీ చిన్నమ్మ