ఫాలోవర్ల లెక్క పక్కన పెట్టు తమ్ముడూ

కాలేజీ సెమినార్‌లో బాక్సర్లు జో లూయిస్, అలీ, టైసన్, మేవెదర్‌లలో ఎవరు ఎక్కువ ఫేమస్సో చెప్పాలి, ఇన్‌స్టా ఫాలోవర్లు చూస్తే సరిపోతుందా అని అడిగావు కదా, సరిపోదు. జో లూయిస్ కాలంలో టీవీయే ఇళ్లలోకి రాలేదు. 1938లో జర్మనీ బాక్సర్ ష్మెలింగ్‌ను మొదటి రౌండ్‌లోనే పడగొట్టినప్పుడు కోట్ల మంది రేడియో దగ్గర కూర్చొని విన్నారు, ఆ ఫేమ్‌ను ఏ ఫాలోవర్ల లెక్కలో వేస్తావు?

నేనైతే ఒకటే చూస్తా, బాక్సింగ్ తెలియనివాళ్లకు ఆ పేరు తెలుసా అని. మా నాన్న దేవరకొండ దగ్గర పల్లెలో వ్యవసాయం చేసినాయన, ఒక్క ఫైటూ చూడలేదు, అయినా అలీ పేరు తెలుసు. ఎందుకంటే అలీ రింగ్ బయట కూడా నిలబడ్డాడు, వియత్నాం యుద్ధానికి పోనన్నందుకు 1967లో ప్రపంచ చాంపియన్ టైటిల్ లాక్కున్నారు, మూడేళ్లకు పైగా ఆట లేదు, మళ్లీ వచ్చి 1974లో ఆఫ్రికాలోని కిన్షాసాలో అప్పటి చాంపియన్ ఫోర్‌మన్‌ను ఎనిమిదో రౌండ్‌లో ఓడించి టైటిల్ తిరిగి తెచ్చుకున్నాడు. టైసన్ 1986లో 20 ఏళ్లకే హెవీవెయిట్ చాంపియన్, ఆ పేరు కూడా అందరికీ తెలుసు. మేవెదర్‌ది డబ్బు రికార్డు, 2015లో ఫిలిప్పీన్స్ బాక్సర్ పకియావ్‌తో ఫైట్‌ను అమెరికాలో 46 లక్షల ఇళ్లు డబ్బు కట్టి చూశాయి, కానీ మన ఊళ్లో పెద్దవాళ్లను అడిగితే ఆయనెవరు అంటారు.

నువ్వూ నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర 20 మందిని, సగం మంది యాభై దాటినవాళ్లను ఈ పేర్లు తెలుసా అని అడుగు, నిఖత్ జరీన్ పేరు కూడా కలుపు. వచ్చిన జవాబులే సెమినార్‌లో పెట్టు.