మందసం బండి మీద ఎందుకు ఎక్కింది?

మీ ప్రశ్న ఇది: దావీదు రాజు అంత సంబరంగా మందసాన్ని, అంటే దేవుని ఆజ్ఞల పలకలున్న పెట్టెను, ఎద్దుల బండి మీద తెస్తుంటే, అది పడిపోకుండా చెయ్యి అడ్డం పెట్టిన ఉజ్జాను దేవుడు ఎందుకు మొత్తి చంపాడు? మనసు మంచిదైతే చాలదా, పద్ధతి కూడా అంత ముఖ్యమా?

నేను పాస్టర్‌ని కాను. జమ్మలమడుగు దగ్గర పల్లెలో పప్పుశనగ పండించుకుంటూ, ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాను. ఈ ప్రశ్న నన్ను పట్టుకున్నది మా పొలం గట్టు మీద.

ఇరవై అయిదేండ్లప్పుడు నాకు ఆరాధనంటే పిచ్చి. రాత్రి ప్రార్థన పెడితే కోడికూసేదాకా వాయించేవాణ్ణి. 21 రోజులు ఒంటిపూట తిని ఉపవాసం ఉన్న ఏడు కూడా ఉంది. పాట ఎత్తుకుంటే ముందు వరసలోవాళ్లు ఏడ్చేవాళ్లు, నాకూ గొంతు పూడుకుపోయేది. అది నటన కాదని ఇప్పటికీ చెప్తా. ఆ రోజుల్లోనే, మా చిన్నాయన కొడుకు చేనికీ మా చేనికీ మధ్య ఉన్న గట్టును ఏటా కొంచెం అటు జరుపుతూ వచ్చినా. పెద్ద కుట్రేమీ లేదు. దుక్కి దున్నేటప్పుడు ట్రాక్టరు తోలే పిల్లోనితో "ఇంకొంచెం ఆనించి పోనీ" అనడమే. మూడేండ్లలో రెండు సాళ్ల నేల నాది అయిపోయింది.

ఒక ఆదివారం చర్చి మెట్ల కాడ ఆ చిన్నాయన కొడుకే, మా అన్న, నన్ను ఆపినాడు. "అబ్బీ, నీ పాటకు నాకు గూడా కండ్లల్లో నీళ్లొస్తాయి. నా రెండు సాళ్లు మాత్రం రాలా" అన్నాడు. అంతే, చెప్పులేసుకుని పోయినాడు.

నాకు సిగ్గు రాలేదు, కోపమొచ్చింది. నేరుగా కళ్లం కాడ శనగలు తూర్పారబడుతున్న మా జేజినాయన దగ్గరికి పోయి, భక్తుణ్ణి పట్టుకుని అందరి ముందర ఇట్లా అంటాడా అని మొదలుపెట్టినా. ఆయన చేట కింద పెట్టి, ఉజ్జా చచ్చింది యాడరా అని అడిగినాడు. నాకోను అనేవాని కళ్లంలో అన్నా. "బండి యాడిది?" అన్నాడు. నాకు తెలియలేదు.

సమూయేలు మొదటి గ్రంథం 6వ అధ్యాయంలో ఉంది. మందసాన్ని కొత్త బండి మీద పంపే ఆలోచన ఇశ్రాయేలు శత్రువులైన ఫిలిష్తీయులది. వాళ్లకు ధర్మశాస్త్రం తెలీదు, తోచినట్టు చేసినారు. దావీదుకు మాత్రం మోషే రాతలు ఉన్నాయి. సంఖ్యాకాండం 7లో, గుడారం సామాను మోసే లేవీయుల మూడు వంశాలకు బండ్లు పంచిన లెక్క కూడా ఉంది: గెర్షోనీయులకు 2 బండ్లు, 4 ఎద్దులు, మెరారీయులకు 4 బండ్లు, 8 ఎద్దులు. కహాతీయులకు ఒక్కటీ ఇవ్వలేదు, పరిశుద్ధ వస్తువుల్ని వాళ్లు భుజాల మీద మోయాలి గనక. మందసానికి ఉంగరాలూ, మోతకర్రలూ పెట్టింది అందుకే. ముట్టుకుంటే చస్తారని సంఖ్యాకాండం 4వ అధ్యాయం ముందే చెప్పింది.

"ఎద్దు కళ్లం కాడికొస్తే గింజకు మూతి చాపుతుంది, బండి ఒరుగుతుంది. మనిషి భుజం మీదుంటే ఆ గొడవే లేదు గదా" అన్నాడు జేజినాయన. (ఎద్దులకు కాలు జారిందనే బైబిల్లో ఉంది. మూతి సంగతి ఆయన సొంత వ్యాఖ్యానం.) ఉజ్జా చెయ్యి చాపడం ఆఖరి తప్పు. మొదటిది ఊరేగింపు బయలుదేరకముందే, బండి కట్టినప్పుడే జరిగిపోయింది. ఇంకోటి నాకు తర్వాత తట్టింది: ఉజ్జా అబీనాదాబు కొడుకు, మందసం ఏండ్ల తరబడి ఉన్నది వాళ్ల ఇంట్లోనే. రోజూ చూసే వస్తువంటే భయం తగ్గుతుంది. కీబోర్డు ముందు కూర్చుని కూర్చుని నాకు జరిగింది కూడా అదే.

గట్టు మాట జేజినాయన ఎత్తలేదు. ద్వితీయోపదేశకాండం 19:14 చదువుకోమన్నాడు. పొరుగువాని సరిహద్దు రాయి జరపొద్దనే మాట అది. మర్నాడు గడ్డపార తీసుకుని అన్నతో కలిసి పోయినా. సరిహద్దుకు పెట్టిన పాత కడప బండ మట్టిలో పడి ఉంది, మా చేను వైపు కాదు, నేను దున్నిన అన్న చేను మధ్యలో.

ఇక్కడితో మారిపోయినానంటే అబద్ధం. ఆ తర్వాత రెండేండ్లు నేను ఇంకో రకంగా చెడినా. చప్పట్లు వద్దు, పాట రెండుసార్లు పాడొద్దు, ప్రార్థన పొడుగైతే గడియారం చూడటం. "నీ వాయింపు బ్యాంకులో నోట్లు లెక్కపెట్టినట్టుంది" అనింది మా ఇంటామె. మందసం ముందర గంతులేస్తున్న దావీదును కిటికీలోంచి చూసి ఈసడించుకున్న ఆయన భార్య మీకాలు స్థానంలో కూర్చున్నానని అప్పుడు తెలిసింది.

మీ ప్రశ్నకు నాకు దొరికిన జవాబు దావీదు రెండోసారి వచ్చిన తీరులోనే ఉంది. ఉజ్జా చచ్చినాక మందసం మూడు నెలలు ఓబేదెదోము అనే ఆయన ఇంట్లో ఉంది. మొదటిసారి విధి ప్రకారం చేయలేదని దినవృత్తాంతాలు మొదటి గ్రంథం 15లో ఆయనే లేవీయులతో ఒప్పుకుని, ఈసారి భుజాల మీదికి ఎత్తించినాడు. ఒక మనిషి చచ్చినాక ఎవరైనా అడుగులో అడుగేసుకుని భయంభయంగా వస్తారు. ఈయన బలులర్పిస్తూ, యాజకులు వేసుకునే నార ఏఫోదు కట్టుకుని, ఒంట్లో శక్తంతా పెట్టి గంతులేసినాడు. మారింది మోసే పద్ధతి, గంతులు కాదు. అందుకే పాటల్లో ఏడుపొస్తే ఆపుకోవద్దు. మీరు ఏ ఆజ్ఞను భుజం మీద నుంచి దించి, మోసే శ్రమ లేకుండా బండి మీద పెట్టినారో మాత్రం చూసుకోండి. నేనైతే శనివారం రాత్రి, నా మీద ఎవరికి ఏం బాకీ ఉందో గుర్తు చేసుకుంటా. మత్తయి 5:23, 24 ప్రకారం కానుక బలిపీఠం దగ్గరే విడిచి, ముందు సహోదరుని దగ్గరికి పోవాలి. చాలా వారాలు ఫోన్ చేయక తప్పదు.

రాయి పాతిన తర్వాతి ఆదివారం నా పాటకు ఎవరూ ఏడవలేదు, శృతి కూడా తప్పినా. మధ్యలో కీబోర్డు ప్లగ్గు వదులై శబ్దం పోయింది. వెనక వరసలో ఉన్న అన్న లేచి వచ్చి, పాట అయ్యేదాకా దాన్ని పట్టుకుని నిలబడినాడు.