గ్యాస్ చుక్కలు ఆపి, ముందు ఈఈజీ చేయించండి

ప్రశ్న: మా బాబుకు 11 నెలలు. ఏడున్నర నెలలకే కిలోన్నర బరువుతో పుట్టాడు. మూడు వారాలు ఐసీయూలో ఉంచారు, కామెర్లకు లైటు కింద పెట్టారు. ఇప్పటికీ కూర్చోలేడు. కుడి చేత్తోనే బొమ్మలు అందుకుంటాడు, ఎడమ గుప్పెట విప్పడు. ఎత్తుకుంటే కాళ్లు బిగబట్టి ఒకదానిపై ఒకటి వేస్తాడు. నిద్ర లేచాక మెడ ముందుకు వంచి, చేతులు విదిలించి ఏడుస్తాడు. ఆగి ఆగి పది పన్నెండుసార్లు అలా చేస్తాడు. మందుల షాపులో గ్యాస్ అని చుక్కలు ఇస్తే రెండు వారాలుగా వేస్తున్నాం. సెరిబ్రల్ పాల్సీ కావచ్చని తెలిసినవారు అంటున్నారు. మాది మేనరికం. దానివల్లే వచ్చిందా? లేక కాన్పు చేసిన డాక్టరు పొరపాటా? స్టెమ్ సెల్ వైద్యంతో నయమవుతుందా?
– ఒక తండ్రి, తెనాలి సమీపం

జవాబు: మీరు అడిగిన వాటికి సమాధానం చెబుతాను గాని, గ్యాస్ చుక్కల ప్రస్తావనతో మీరు దాటేసిన విషయమే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. నిద్ర లేచిన వెంటనే మెడ, నడుము ముందుకు వంగి, చేతులు ఒక్కసారిగా విదిలించుకుని, ఒకటి రెండు క్షణాల్లో సర్దుకుని, కాసేపటికి మళ్లీ అదే జరగడం, ఇలా వరుసగా రావడం ఇన్‌ఫాంటైల్ స్పాజమ్స్ అనే ఒక రకం ఫిట్స్‌లో కనిపించే తీరు. ఉత్తరం చదివి జబ్బు నిర్ధారించడం కుదరదు, మీ బాబుకు అదేనని నేను అనడం లేదు. కానీ అది కాదని తేలేవరకు అదే అనుకుని పరుగెత్తాల్సిన పరిస్థితి ఇది. పసిపిల్లల్లో కడుపునొప్పి ఏడుపు సాధారణంగా మూడు నాలుగు నెలలకే తగ్గిపోతుంది. పదకొండో నెలలో కొత్తగా, అదీ నిద్ర లేచినప్పుడే మొదలైతే దాన్ని గ్యాస్ అని సరిపెట్టుకోవడానికి లేదు.

మన వైపు ఇలాంటి బిడ్డను ముందు మందుల షాపుకు, తర్వాత తాయెత్తు కట్టేవారి దగ్గరకు, కొన్నిచోట్ల ఇంకా వాతలు పెట్టేవారి దగ్గరకు తీసుకెళ్లి, ఏ మార్పూ లేదని రూఢి అయ్యాక గానీ పిల్లల డాక్టరు దగ్గరకు తీసుకురారు. కౌంటర్ దగ్గర నిలబడి మీరు చెప్పిన నాలుగు ముక్కలు విని చుక్కల సీసా ఇచ్చిన వ్యక్తి బిడ్డను చూడలేదు, చూసినా గుర్తుపట్టే శిక్షణ ఆయనకు లేదు. ఈ రకం ఫిట్స్‌కు చికిత్స ఆలస్యమైన కొద్దీ బిడ్డ మానసిక ఎదుగుదల దెబ్బతినే అవకాశం పెరుగుతుంది. రెండు వారాలు ఇప్పటికే గడిచిపోయాయి, మూడో వారం గడవనివ్వకండి.

ఈసారి వచ్చినప్పుడు ఫోనులో వీడియో తీయండి, బిడ్డ ముఖం, చేతులు, కాళ్లు మూడూ కనబడాలి. అది పట్టుకుని గుంటూరు లేదా విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో పిల్లల విభాగానికి గాని, పిల్లల నరాల నిపుణుల దగ్గరకు గాని రేపే వెళ్లండి. వీడియో దొరకలేదని ప్రయాణం వాయిదా వేయవద్దు. మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ పరీక్షను నిద్రలో కూడా నమోదయ్యేలా చేయించమంటారు. ఫిట్స్ అని తేలితే స్టెరాయిడ్ గాని విగాబట్రిన్ గాని మొదలుపెట్టవచ్చు. ఈ మందులకు బీపీ, ఇన్‌ఫెక్షన్లు, కంటిచూపు కనిపెట్టుకుని ఉండాలి కాబట్టి, ఈ పేర్లు చదివి షాపులో అడిగి తెచ్చుకునే ఆలోచన దయచేసి చేయకండి. పక్కింటి బిడ్డకు రాసిన ఫిట్స్ సిరప్ కూడా వద్దు. ఒళ్లంతా కొట్టుకునే ఫిట్స్ వచ్చి ఐదు నిమిషాల్లో ఆగకపోతే 108కు ఫోన్ చేయండి.

ఇక సెరిబ్రల్ పాల్సీ సంగతి. మీ బాబు దాదాపు రెండు నెలలు ముందు పుట్టాడు గనుక ఎదుగుదల లెక్కకు అతని వయసు తొమ్మిది నెలలే. కూర్చోకపోవడం ఒక్కటే అయితే కొంచెం వేచి చూద్దామనేవాణ్ని. కానీ ఎడమ గుప్పెట ఇంకా విప్పకపోవడం, ఏడాది నిండకుండానే ఒకే చేతిని వాడటం, కాళ్లు బిగుసుకోవడం ముందు పుట్టినందువల్ల వచ్చే ఆలస్యం ఖాతాలోకి రావు. ఏ చేతివాటమో తెలిసే వయసు ఇది కాదు. చిన్నప్పుడే కుడిచేతి వాటం వచ్చేసిందని మురిసిపోయి ఆర్నెల్లు పోగొట్టుకున్న కుటుంబాలను మేము తరచూ చూస్తుంటాం.

ఎదుగుతున్న మెదడులో కదలికలను నడిపే భాగం కాన్పుకు ముందో, కాన్పు సమయంలోనో, పుట్టిన తొలి రోజుల్లోనో దెబ్బతినడం వల్ల సెరిబ్రల్ పాల్సీ వస్తుంది. ఆ దెబ్బ పెరగదు, కానీ బిడ్డ పెరిగే కొద్దీ కండరాలు, కీళ్ల మీద దాని ప్రభావం మారుతూ ఉంటుంది. నెలలు నిండని బిడ్డల్లో మెదడు లోపలి నీటి గదుల చుట్టూ ఉన్న రక్తనాళాలు చాలా సున్నితంగా ఉంటాయి, రక్తప్రసారంలో హెచ్చుతగ్గులు వస్తే ఆ చుట్టుపక్కల తెల్లపదార్థం దెబ్బతింటుంది లేదా అక్కడ రక్తస్రావం అవుతుంది. కాళ్లకు వెళ్లే నరాల తంతువులు ఆ గదులకు అతి దగ్గరగా సాగుతాయి, అందుకే ఇలాంటి బిడ్డల్లో చేతులకన్నా కాళ్లు ఎక్కువగా బిగుసుకుంటాయి. గర్భిణికి సోకిన రుబెల్లా, సైటోమెగలో వైరస్ వంటివి, కవలలు, పుట్టాక చక్కెర బాగా పడిపోవడం, మెదడువాపు, మితిమీరిన కామెర్లు కూడా కారణాలే. కామెర్ల వల్ల వచ్చే రకంలో బిగుతుకన్నా అదుపులేని వంకర కదలికలు ఎక్కువ, వినికిడీ పోవచ్చు. లైటు కింద ఉంచారని రాశారు కనుక వినికిడిని చూసే బెరా పరీక్ష కూడా అడగండి.

కాన్పులో ఊపిరాడకపోవడమే దీనికి మూలమని లండన్ వైద్యుడు విలియం లిటిల్ 1861లో రాసినప్పటి నుంచి నేటికీ వేలు ముందుగా కాన్పు చేసినవారి వైపే చూపిస్తారు. చాలా కేసుల్లో కష్టమైన కాన్పు అంతకుముందే గర్భంలో మొదలైన సమస్యకు లక్షణం కావచ్చని 1897లోనే వాదించినది, తర్వాత మనోవిశ్లేషణతో పేరుపొందిన సిగ్మండ్ ఫ్రాయిడే. మన దగ్గర పుట్టగానే ఏడవని బిడ్డల్లో సెరిబ్రల్ పాల్సీ ఇంకా ఎక్కువే, కాబట్టి కాన్పును పూర్తిగా పక్కన పెట్టను. అయితే మీరు రాసిన వివరాల్లో ముందు పుట్టడమే బలమైన కారణంగా కనబడుతోంది. ఎవరిది తప్పో నేను ఇక్కడి నుంచి చెప్పలేను, చెప్పకూడదు కూడా. డిశ్చార్జి కాగితాలు, ఎంఆర్ఐ చూసినవారు చెప్పాలి.

మేనరికం నేరుగా దీన్ని తెచ్చిపెట్టదు. కానీ సెరిబ్రల్ పాల్సీలా కనిపించే కొన్ని జన్యు, మెటబాలిక్ (జీవక్రియల లోపంతో వచ్చే) జబ్బులు మేనరికం కుటుంబాల్లో ఎక్కువ, వాటిలో కొన్నిటికి మందో ఆహార నియమమో ఉంది. ఎంఆర్ఐలో ఏమీ కనబడకపోయినా, బిడ్డ నేర్చినవి మరచిపోతున్నా జన్యు పరీక్షలు తప్పకుండా చేయించాలి. మళ్లీ గర్భం వస్తే ముందే ప్రసూతి వైద్యురాలికి ఈ చరిత్ర చెప్పండి. నెలలు నిండకుండా కాన్పు అయ్యే సూచన ఉంటే తల్లికి ఇచ్చే స్టెరాయిడ్, మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్లు బిడ్డకు కొంత రక్షణ ఇస్తాయి, అందుకు సమయానికి ఆసుపత్రి చేరాలి.

స్టెమ్ సెల్ వైద్యానికి ఇల్లు తాకట్టు పెట్టకండి. సెరిబ్రల్ పాల్సీలో అది రుజువైన చికిత్స కాదు, పరిశోధన బయట దాన్ని అమ్మడాన్ని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలు అనుమతించవు. ఆ డబ్బుతో ఏళ్ల తరబడి ఫిజియోథెరపీ చేయించవచ్చు, రోజూ ఇంట్లో తల్లి చేయించేదే అందులో ఎక్కువ భాగం. పూర్తి నిర్ధారణ వచ్చేదాకా ఫిజియో ఆపనక్కర్లేదు. కళ్లు చూపించండి, తుంటి ఎముకలకు ఎప్పటికప్పుడు ఎక్స్‌రే తీయిస్తూ ఉండాలి. బిగుతు తగ్గించే మందు, బొటాక్స్ ఇంజెక్షన్, పాదాలకు స్ప్లింట్లు అవసరాన్ని బట్టి నిపుణులు నిర్ణయిస్తారు. నిర్ధారణ అయ్యాక సదరం శిబిరంలో వైకల్య ధ్రువపత్రానికి దరఖాస్తు చేయండి, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో సెరిబ్రల్ పాల్సీ కూడా ఉంది.

ఇవన్నీ ఈఈజీ తర్వాతే. పుట్టినప్పటి డిశ్చార్జి సమ్మరీ, టీకాల కార్డు, ఇప్పుడు వేస్తున్న చుక్కల సీసా మూడూ వెంట తీసుకెళ్లండి.