జెల్లీ వేరు, జెల్లో వేరు

ప్రశ్న: హైదరాబాదు నుంచి అమెరికా వచ్చి రెండు నెలలైంది. పక్కింటివారి అబ్బాయి పుట్టినరోజుకు ఏం తెమ్మంటారని అడిగితే ‘జెల్లో’ అన్నారు. అది మన జెల్లీయేనా? మేం శాకాహారులం.

వస్తువు మన జెల్లీయే. ఫలూదా గ్లాసులో సేమ్యాకూ సబ్జా గింజలకూ మధ్య ఎర్రగా వణుకుతూ కనిపించేదే. అయితే ఇక్కడి దుకాణంలో జెల్లీ అడిగితే రొట్టెకు రాసుకునే సీసా చేతికిస్తారు. పండ్ల రసం వడగట్టి చక్కెరతో కాచినది జెల్లీ. పండు గుజ్జు కూడా ఉంటే జామ్. 1897లో న్యూయార్క్ రాష్ట్రంలోని లిరాయ్ అనే ఊళ్లో పుట్టిన సరుకు పేరు జెల్లో. వనస్పతి ఏదైనా మనకు డాల్డా అయినట్టు, ఇప్పుడు ఎవరు చేసినా అది జెల్లోయే. బ్రిటన్‌లో మాత్రం మన మాటే చెల్లుతుంది.

ఈ తేడా తెలియక మా నాన్నగారు ఇబ్బంది పడ్డారు. పెద్దపేగు పరీక్షకు ముందు రోజు జెల్లో తినవచ్చు, ఎరుపు, ఊదా రంగులు మాత్రం వద్దు అని కాగితంలో రాసి ఇచ్చారు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆయన ద్రాక్ష జెల్లీ సీసా పట్టుకుని చెంచాతో తింటున్నారు. చిక్కటి ఊదా రంగు! పరీక్ష వాయిదా పడింది.

ఇక మీ అసలు సందేహం. జెల్లోను గడ్డకట్టించే జెలటిన్‌ను పంది చర్మం, పశువుల తోళ్లు, ఎముకల నుంచి తీస్తారు. మార్ష్‌మాలోలలో, చాలా గమ్మీ మిఠాయిల్లో, కొన్ని పెరుగు డబ్బాల్లో కూడా అదే ఉంటుంది. మన పొట్లాల మీద ఉండే ఆకుపచ్చ చుక్క ఇక్కడ తప్పనిసరి కాదు, పదార్థాల జాబితా చదవాల్సిందే. యూదుల ఆహార నియమాలకు సరిపోతుందని చెప్పే కోషర్ గుర్తును నమ్ముకోకండి, అది చేపల జెలటిన్ కావచ్చు. పెద్దల విందుల్లో చిన్న కప్పుల్లో ఇచ్చే జెల్లోలో సాధారణంగా వోడ్కా కలిపి ఉంటుంది, అదీ గమనించండి.

మీరు చైనా గ్రాస్‌తో చేసి తీసుకెళ్లండి. అది సముద్రపు నాచు నుంచి వస్తుంది. ఉడికించని తాజా అనాసపండు వేస్తే జెలటిన్ గడ్డకట్టదు, దీనికి ఆ బెడద లేదు. కాకపోతే ఇది జెల్లోలా ఊగదు, జున్నులా తెగుతుంది. పిల్లలు ఆ ఊగడం కోసమే తింటారు కాబట్టి, గిన్నెలో కొంత మిగిలితే చిన్నబుచ్చుకోకండి.